తలకిందులుగా అల్లిన పేరు

2011లో ఇజ్రాయెల్ వెళ్లేటప్పుడు మా అమ్మ క్రోషే సూది ఒకటి పాత జాకెట్టు మడతలో గుచ్చి పెట్టెలో పెట్టుకున్నాను. అక్కడ అల్లుతానని కాదు. ఇంటి నుంచి ఏదో ఒకటి నాతో ఉండాలనిపించింది. ఫోటోలు చూస్తే ఏడుపొస్తుంది, సూది అయితే ఏడిపించదు అనుకున్నాను.

మాది నరసాపురం దగ్గర పల్లె. మా వైపు ఆడపిల్లకి జడ వేసుకోవడం, లేసు అల్లడం ఒకే వయసులో వస్తాయి. 19వ శతాబ్దంలో వచ్చిన మిషనరీ దొరసానులు మా వాళ్లకి ఈ పని నేర్పారని పెద్దవాళ్లు చెప్పేవారు. నాకు ఊహ తెలిసేసరికే అది పూర్తిగా మా పనైపోయింది. మధ్యాహ్నం అన్నాలయ్యాక అరుగుల మీద వరసగా కూర్చుని, కాళ్లు చాపుకుని, మాట్లాడుకుంటూనే అల్లేవాళ్లం. కళ్లు మాటల్లో ఉండేవి, వేళ్లు సూదిలో ఉండేవి. మా అమ్మది అతుకుపని. నలుగురు నాలుగు చోట్ల అల్లిన పువ్వుల్ని కలిపి ఒకే గుడ్డగా చేసేది. ఎక్కడ కలిపిందో వెతికినా కనపడేది కాదు. ఏజెంటు దారం ఇచ్చి వెళ్లేవాడు, వారానికో పదిహేను రోజులకో వచ్చి పీసులు పట్టుకుపోయేవాడు. అవి ఏ దేశం పోతాయో, ఏ బల్ల మీద పరుస్తారో మాకు తెలియదు. మా ఇంట్లో బల్లే లేదు.

అలా పదిహేనేళ్లు అల్లాను. నేను అల్లినదాన్ని ఒక మనిషి వాడుతుండగా ఆ పదిహేనేళ్లలో ఒక్కసారి కూడా చూడలేదు. ఈ మాట ఎందుకు చెప్తున్నానో ముందుకి వెళ్తే తెలుస్తుంది.

ఇజ్రాయెల్‌కి మా జిల్లాల నుంచి చాలామంది వెళ్లారు. ముసలివాళ్లని చూసుకునే పని. అక్కడ మమ్మల్ని మెటపెలెత్ అంటారు. అప్పు చేసి వీసా తెచ్చుకుని, భాష రాకుండా, ఒక కొత్త ఇంట్లో రాత్రింబవళ్లు ఉండాలి. నాకు దొరికిన ఇల్లు పెతాహ్ తిక్వాలో, టెల్ అవీవ్ పక్కన. మూడో అంతస్తులో చిన్న ఫ్లాట్. నేను చూసుకోవాల్సిన ఆవిడకి అప్పుడు 76 ఏళ్లు. పార్కిన్సన్స్ వల్ల రెండు చేతులూ వణికేవి. ఇంట్లో అందరూ సవ్తా అనేవారు, అంటే నానమ్మో అమ్మమ్మో. నేనూ అలాగే పిలిచాను. ఆవిడ నన్ను మోతెక్ అనేది. తియ్యనిదానా అన్నట్టు. అక్కడ అందరూ అందరినీ అలాగే పిలుస్తారని తర్వాత తెలిసింది. తెలిసినా నా సంతోషం తగ్గలేదు.

మొదటి నెలలు కష్టంగానే గడిచాయి. వాళ్లు నియమంగా ఉండే యూదులు. పాల గిన్నెలు వేరు, మాంసం గిన్నెలు వేరు, వాటిని కడిగే తొట్లు కూడా వేరు. ఒక చెంచా అటు ఇటు అయితే టెన్షన్. శుక్రవారం పొద్దుగూకితే సబ్బాతు, వాళ్ల విశ్రాంతి దినం, మొదలవుతుంది. ఆ లోపల వంట, స్నానాలు, దీపాలు అన్నీ అయిపోవాలి.

ఆ ఇంట్లో మగవాళ్లు ఎప్పుడూ తలకి చిన్న టోపీ పెట్టుకుని ఉండటం మొదటి రోజే చూశాను. కిప్పా అంటారు. ఆ మాటకి గుమ్మటం అని అర్థం. నాకు వింతగా తోచింది ఏంటంటే, మా చర్చిలో ప్రార్థనప్పుడు ఆడవాళ్లం ముసుగు వేసుకుంటాం, మగవాళ్లు తలపాగా ఉంటే తీసేస్తారు. ఇక్కడ దేవుడి ముందు మగవాళ్లే తల కప్పుకుంటున్నారు. ఒకరోజు సవ్తా పెద్దకొడుకుని అడిగాను. ఆయన ఓపిగ్గా చెప్పాడు. వాళ్ల పాత మతగ్రంథం తల్మూద్‌లో రావ్ హూనా అనే పండితుడి మాట ఉందట. దేవుడి సన్నిధి నా తల పైన ఉంది కాబట్టి నేను నాలుగు మూరలు కూడా తల కప్పుకోకుండా నడవను అన్నాడట. ఆయన మోచేతి నుంచి వేలికొస వరకు చూపించి ఇది ఒక కొలత అంటుంటే, అది మా మూరే కదా అనుకున్నాను. మూర పూలు కొనే కొలత. ఆ రోజు నుంచి ఆ టోపీ నాకు పరాయిదిగా అనిపించలేదు.

బయటికి వెళ్తే రకరకాల కిప్పాలు కనపడేవి. పక్కనే ఉన్న బ్నేయ్ బ్రాక్‌లో నల్ల మఖ్మల్‌వి, వాటి మీద నల్ల టోపీలు. కూడళ్ల దగ్గర వ్యాన్ ఎక్కి పాటలు పెట్టుకుని గెంతే కుర్రాళ్లకి చెవుల దాకా వచ్చే పెద్ద తెల్ల అల్లిక టోపీలు, వాటి మీద అక్షరాలు. సవ్తా ఇంట్లోవి మాత్రం అరచేయంత ఉండి, సన్న దారంతో అల్లి, అంచు చుట్టూ రంగుల డిజైనుతో ఉండేవి. కిప్పా స్రుగా అంటారు. స్రుగా అంటే స్వెటర్లు అల్లినట్టు అల్లినది అని. నిజానికి అది రెండు సూదులతో అల్లేది కాదు, కొక్కెం సూదితో వేసేది. మొదటిసారి ఒకటి ఉతకడానికి చేతికొచ్చినప్పుడు తిరగేసి చూశాను. చూడగానే గుండె ఝల్లుమంది. ఇది మా పని!

ఆ మాట హీబ్రూలో చెప్పడం రాలేదు. లోపలికెళ్లి పెట్టెలోంచి సూది తెచ్చి చూపించాను. సవ్తా ఆ సూది వైపు, నా వైపు చాలాసేపు చూసింది. వణికే చేత్తో బల్ల సొరుగు తీయమని చూపించింది. అందులో బిస్కెట్ల డబ్బా, డబ్బా నిండా దారం ఉండలు, గళ్ల కాగితాలు, నాలుగైదు సూదులు. అడుగున గుడ్డలో చుట్టిన ఒక పాత కిప్పా, రంగు వెలిసి బూడిద రంగులోకి తిరిగింది.

అది వాళ్లాయనది. సవ్తా రొమేనియాలో పుట్టింది. 1950లో 15 ఏళ్లప్పుడు ఓడలో హైఫా వచ్చింది. బ్నేయ్ అకీవా అనే యువజన సంఘంలో చేరింది. అప్పట్లో ఆ సంఘం ఆడపిల్లలు మీటింగుల్లో కూర్చుని కిప్పాలు అల్లుతూనే ఉండేవాళ్లట. ఒక అమ్మాయి తన అన్నకో తమ్ముడికో కాకుండా ఇంకో అబ్బాయికి అల్లుతోందంటే ఇక విషయం అందరికీ తెలిసిపోయినట్టే. అలా అల్లి ఇచ్చిన కిప్పా అది. తర్వాత కొడుకులకి, అల్లుళ్లకి, మనవళ్లకి అందరికీ తనే అల్లింది. కిందటేడు చివరి మనవడి కోసం మొదలుపెట్టి పది వరసలు వేసేసరికి సూది చేతిలో నిలవడం మానేసిందట. ఆ పది వరసల ముక్క కూడా డబ్బాలోనే ఉంది. రూపాయి బిళ్ల కంటే కొంచెం పెద్దది. సూది అందులోనే గుచ్చి ఉంది.

ఆ పిల్లాడికి 13 ఏళ్లు నిండినప్పుడు బార్ మిత్స్వా చేస్తారు, పెద్దవాడయ్యాడని జరిపే వేడుక. అప్పటికింకా రెండేళ్లకి పైగా టైముంది. సవ్తా నాతో ఏమీ అనలేదు. నేనే ఆ ముక్క తీసుకుని పదకొండో వరస మొదలుపెట్టాను. మూడు కుట్లు వేశానో లేదో ఆవిడ నా చేతి మీద చెయ్యి వేసి ఆపింది. వద్దంది. నా కుట్టు ఆవిడ కుట్టు కంటే వదులుగా ఉంది. చూస్తే నాకూ తెలిసింది.

లేసు పని నాకు బాగా వచ్చు. కిప్పా అల్లడం వేరని ఆ రోజు అర్థమైంది. లేసులో అందమంతా ఖాళీల్లో ఉంటుంది. గొలుసు వేసి, దూరం వదిలి, పొడుగు కుట్టుతో అందుకుంటాం. గాలి ఆడాలి, కింద గుడ్డ కనపడాలి. కిప్పాలో సూదిమొన దూరేంత సందు కూడా ఉండకూడదు. అన్నీ పొట్టి కుట్లే, బిర్రుగా, ఒకదాన్నొకటి ఒరుసుకుంటూ రావాలి. మధ్యలో చిన్న రింగు వేసి అందులో ఆరు కుట్లు. తర్వాతి వరసకి 12, ఆ తర్వాత 18, 24. వరసకి ఆరు చొప్పున పెంచుకుంటూ పోతే అప్పడంలా చదునుగా వస్తుంది. ఆరు కంటే ఎక్కువ పెంచితే అంచు అలలు తిరుగుతుంది, తక్కువైతే గిన్నెలా ముడుచుకుంటుంది. కిప్పాకి చదునూ వంపూ రెండూ కొంచెం కొంచెం కావాలి. మొదట చదును, అంచు దగ్గరికొచ్చేసరికి పెంపు తగ్గించి తల ఆకారానికి వంచాలి. ఎక్కడ తగ్గించాలో కాగితం మీద రాసుకునేది కాదు. సవ్తా దాన్ని నా పిడికిలి మీద తొడిగి చూసి చెప్పేది.

రంగులు మార్చడం అసలు కష్టం. మా లేసంతా తెలుపో మీగడ రంగో, ఒక్క దారమే. ఇక్కడ మూడు రంగులు ఒకేసారి నడవాలి. పైకి ఒక్క రంగే కనపడుతుంది. మిగతా రెండు దారాలూ ఆ కుట్టు కడుపులో పడుకుని వెంట వస్తాయి. గట్టిగా లాగితే గుడ్డ ముడతపడుతుంది, వదులైతే లోపలి రంగు బయటికి తొంగిచూస్తుంది. లోపలి పక్క కూడా పై పక్కంత నున్నగా ఉండాలంటుంది సవ్తా. లోపల ఎవరు చూస్తారని అడిగాను. తలకి తగిలేది లోపలే కదా అంది.

రోజూ మధ్యాహ్నం మందులేసి, నిద్ర లేచాక, బాల్కనీలో ఇద్దరం కూర్చునేవాళ్లం. ఆవిడ లెక్కపెట్టేది, నేను వేసేదాన్ని. హీబ్రూలో అంకెలు అలా నేర్చుకున్నాను. తొందరపడితే లెఆత్ లెఆత్ అనేది, మెల్లగా మెల్లగా అని. ఏజెంటు గడువుకి అలవాటుపడ్డ చేతులు నావి. మెల్లగా అల్లమని నాకు ఎవరైనా చెప్పడం అదే మొదలు. బాగా వచ్చిన రోజు యెదేయ్ జహావ్ అనేది. బంగారు చేతులు అని. ఆ రాత్రి ఫోన్లో మా అమ్మకి చెప్తే అమ్మ కాసేపు మాట్లాడలేదు.

శుక్రవారం సాయంత్రం డబ్బా మూసి సొరుగులో పెట్టేయాలి. సబ్బాతు నాడు అల్లకూడదు, ముడి వేయకూడదు, దారం తెంపకూడదు. మొదట్లో నా వేళ్లు ఊరుకునేవి కావు. సవ్తా నా వేళ్లు ఒళ్లో కదులుతుండటం చూసి నవ్వుతూ తన వణికే చేతిని నా చేతి మీద పెట్టేది. రెండు చేతులూ ఆగేవి కాదు. శనివారం చుక్కలు కనపడ్డాక, ద్రాక్షరసం, లవంగాల వాసన, జడలా పేనిన కొవ్వొత్తి, వీటితో సబ్బాతు ముగించే ప్రార్థన అయ్యాక మళ్లీ డబ్బా బయటికి వచ్చేది.

మొదటి ఏడాదంతా డిజైను లేనివే అల్లాను. రెండో ఏడు గీతలు, త్రిభుజాలు. 2013 వానాకాలానికి, అక్కడ వానలు చలికాలంలోనే వస్తాయి, అసలుది మొదలుపెట్టాం. అంగడి వీధిలో దారాల కొట్టుకెళ్లి డీఎంసీ కంపెనీ దారం ముదురు నీలం, లేత నీలం, తెలుపు తెచ్చాను. అంచున అలలు, అలల మధ్య పిల్లాడి పేరు. అలల్ని సవ్తా హైఫా సముద్రం అంది. నాకు మాత్రం వశిష్ఠ గోదావరి. పేరులో అయిదు అక్షరాలు. సవ్తా గళ్ల కాగితం మీద పెన్సిలుతో వేసింది. గీత గీతకీ చెయ్యి వణికి, గళ్లు నింపడానికి రెండు రోజులు పట్టింది. ఆ పని మాత్రం నన్ను చెయ్యనివ్వలేదు.

హీబ్రూ అక్షరాలు కుట్టుకి భలే కుదురుతాయి. అన్నీ పలకలు పలకలుగా ఉంటాయి, గడికి గడి సరిపోతుంది. మన తెలుగు అక్షరాలైతే ఈ కుట్టులో గుండ్రం తిరగవు. నేను వేసి చూశాను, ‘అ’ని ఎంత మెత్తగా తిప్పినా మెట్లు మెట్లుగా వచ్చింది.

మాట్లాడటం వచ్చింది కానీ నాకు హీబ్రూ చదవడం రాదు. కాగితంలో ఎలా ఉందో అలాగే, కింది వరస నుంచి పైకి, కుడి నుంచి ఎడమకి వేసుకుంటూ పోయాను. కాగితం, చేతిలో అల్లిక రెండూ ఒకేలా కనపడుతున్నాయి. తొమ్మిది వరసలు, చివరి వరసల్లో 200 దాకా కుట్లు. పూర్తయిన రోజు సవ్తా దాన్ని తన తల మీదే పెట్టుకుని అద్దం తెమ్మంది. నేను వెనక నించుని చూశాను. పేరు తలకిందులుగా ఉంది.

కారణం ఆవిడ చెప్తేగానీ తెలియలేదు. అల్లిక నడినెత్తి నుంచి అంచుకి వస్తుంది. అంటే తల మీద పెట్టినప్పుడు పైన ఉండేది మనం ముందు వేసిన వరస. అక్షరం తల ముందు వేయాలి, పాదం తర్వాత. దానివల్ల దిక్కు కూడా మారిపోతుంది. కుడి నుంచి ఎడమకి చదివే పేరుని చివరి అక్షరంతో మొదలుపెట్టి వెనక్కి అల్లుకుంటూ రావాలి. ఆవిడ 60 ఏళ్లుగా చేస్తున్న పని కాబట్టి చెప్పాలన్న ఆలోచనే రాలేదట. నాకు ఏడుపొచ్చింది. పది వారాల పని. సవ్తా మాత్రం కళ్లలో నీళ్లు తిరిగేలా నవ్వింది. వాడు అసలే ఇంట్లో చేతుల మీద నడుస్తుంటాడు, వాడికిదే సరి అంది. నేను విప్పబోతే ఒప్పుకోలేదు. ఇది నువ్వు ఉంచుకో, ఇంకోటి మొదలుపెట్టు అంది.

డిసెంబరులో యెరూషలేములో విపరీతంగా మంచు కురిసి రోడ్లు మూసేశారు. మా దగ్గర మంచు లేదు కానీ చలిగాలీ వానా. వారమంతా బయటికి అడుగు పెట్టలేదు. హీటరు పక్కన కూర్చుని రెండోదాని అక్షరాలు వేశాను. ఈసారి తల ముందు, పాదం తర్వాత. చివరి అక్షరం ముందు, మొదటి అక్షరం చివర. నిద్రలో కూడా అవే. అయ్యాక తడిపి, గిన్నె బోర్లించి దాని మీద ఆరేశాను. పొద్దున్నే సవ్తా లోపలి పక్క తిప్పి వేలితో తడిమింది. మళ్లీ తడిమింది. తర్వాత ఆ పాత డబ్బాలోంచి తను ఆపేసిన పది వరసల ముక్క తీసి, దాంట్లో గుచ్చిన సూది బయటికి లాగి నాకిచ్చింది.

బార్ మిత్స్వా జనవరిలో, శనివారం. ప్రార్థనామందిరంలో ఆడవాళ్లది పైఅంతస్తు. ఇద్దరు మనవళ్లు సవ్తాని కుర్చీతో సహా ఎత్తి మెట్లెక్కించారు. నేను పక్కన కూర్చున్నాను. పై నుంచి చూస్తే మగవాళ్ల ముఖాలు కనపడవు, నడినెత్తులే కనపడతాయి. కింద వంద కిప్పాలు. చారలవి, చుక్కలవి, వెలిసిపోయినవి, పెళ్లికి కొత్తగా అల్లినట్టున్నవి. ఒక్కొక్కదాని వెనకా ఎక్కడో ఒక ఆడమనిషి కూర్చుని లెక్కపెట్టుకుంటూ అల్లి ఉంటుంది కదా అనుకున్నాను. వాటి మధ్యలోకి నీలం కిప్పా ఒకటి నడుచుకుంటూ వచ్చింది. వాళ్ల పవిత్ర గ్రంథం తోరా చదివే బల్ల ముందు ఆగింది. పిల్లాడు వంగి చదువుతుంటే పేరు మాకు నిటారుగా కనపడింది.

నా గొంతు పట్టేసింది. నేను అల్లినది ఒక తల మీద ఉంది. ఆ తల నాకు తెలుసు. ఆ తలకి నేను జ్వరమొచ్చినప్పుడు తడిగుడ్డ వేశాను.

చదవడం పూర్తయ్యాక అందరూ మిఠాయిలు విసిరారు. సవ్తా విసరలేకపోయింది. నేను ఆవిడ చెయ్యి పట్టుకుని విసిరించాను. కిందికొచ్చాక ఆవిడ పిల్లాడి నెత్తిన చెయ్యి పెట్టి తిత్‌హదేష్ అంది. కొత్తది తొడుక్కున్నవాళ్లతో అనే మాట, నువ్వూ కొత్తవాడివి కావాలి అని దీవెన. వాడు నా వైపు తిరిగి, ఎవరూ చెప్పకుండానే, తల వంచాడు. నేనూ చెయ్యి పెట్టాను.

సవ్తా 2015 చివర్లో పోయింది. ఏడు రోజులు ఇంట్లో అద్దాలకి గుడ్డలు కప్పారు, వాళ్లంతా కింద కూర్చున్నారు. వచ్చినవాళ్లకి నేను టీలు ఇచ్చాను. ఆఖరి రోజు పెద్దకొడుకు బిస్కెట్ల డబ్బా తెచ్చి నా చేతిలో పెట్టాడు.

2016లో ఇంటికొచ్చాను. పెట్టె విప్పుతుంటే అమ్మ డబ్బా చూసింది. కళ్లజోడు పెట్టుకుని తలకిందుల కిప్పాని కిటికీ దగ్గరికి తీసుకెళ్లింది. పైపక్క చూడలేదు. అతుకుపని చేసే మనిషి కదా, నేరుగా లోపలి పక్క తిప్పింది. గోరుతో అంచంతా గీకుతూ ఒక చుట్టు తిరిగి వచ్చింది. దారం ఎక్కడ కలిపావో దొరకట్లేదే అంది. ఆ తర్వాత, ‘ఇవి డజనుకి ఎంతిస్తారమ్మాయ్?’ అని అడిగింది.

‘డజన్ల లెక్క కాదమ్మా. ఇది ఒక్క పిల్లాడి కోసం.’

అమ్మ దాన్ని పిడికిలి మీద తొడిగింది. అటూ ఇటూ తిప్పింది.

‘ఒక్కడికేనా?’ అంది. ‘పేరేంటి వాడిది?’